డీప్ ఫ్రీజర్‌లో రొయ్యలు ఎందుకు పాడవుతున్నాయి? గోడలకు అంత మంచు ఎందుకు పడుతోంది?

మీరు చెప్పినదాన్ని ముందు ఒకచోట పెట్టుకుందాం. ఇల్లు తణుకు దగ్గర. మూత పైకి తెరుచుకునే 300 లీటర్ల హార్డ్ టాప్ డీప్ ఫ్రీజర్ కొని రెండేళ్లయింది. మేడ మీద రేకుల గదిలో పెట్టారు. నాన్నగారి చెరువు పట్టుబడి అయినప్పుడల్లా ఇరవై కిలోల దాకా రొయ్యలు ఒకేసారి వచ్చిపడతాయి. నెల తిరిగేసరికి రుచి పోయి, అంచులు తెల్లబడి, పీచులా అవుతున్నాయి. గోడల పైభాగాన రెండు వేళ్ల మందం మంచు పేరుకుంది. కరెంటు బిల్లు పెరిగింది. చూడ్డానికి వచ్చిన మెకానిక్ గ్యాస్ తగ్గిందన్నాడు. ఎక్కించమంటారా అని అడుగుతున్నారు.

ఇప్పుడే వద్దమ్మా. ఫ్రీజర్ గ్యాస్ బండిలో పోసే పెట్రోలు కాదు, వాడేకొద్దీ తరగడానికి. సీలు వేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారే చోటు పట్టుకోకుండా ఎక్కిస్తే కొన్నాళ్లకు అదీ పోతుంది, మీ డబ్బూ పోతుంది. పైగా గ్యాస్ నిజంగా తగ్గిన ఫ్రీజర్ లక్షణాలు వేరు. మంచు ఒక పక్క కొంతమేర మాత్రమే పడుతుంది, మిగతా గోడలు చెమ్మగానో పొడిగానో ఉండిపోతాయి. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. పైవరస ప్యాకెట్లు నొక్కితే మెత్తగా తగులుతాయి. మీకు నాలుగు గోడలకూ మంచు పడుతోంది, అదీ పైఅంచు దగ్గర ఎక్కువగా. ప్యాకెట్లు రాయిలా ఉన్నాయని మీరే రాశారు. గ్యాస్ సరిగ్గానే ఉంది. ఆ మంచు బయటి గాలిలోని తేమ. మూత రబ్బరు సందుల్లోంచి వస్తోంది, మూత తీసినప్పుడల్లా వస్తోంది, వేడి తగ్గకుండా లోపల పెట్టిన వస్తువుల నుంచి వస్తోంది.

ఐస్ ప్లాంట్లలో, రొయ్యల ఫ్యాక్టరీల కోల్డ్ రూముల్లో, తర్వాత ఇళ్లలో ఈ పనే చేస్తూ వచ్చినవాణ్ణి. ఇళ్లలో ఫ్రీజర్ గురించి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగానికి మూలం ఒక్కటే. ఇంటి డీప్ ఫ్రీజర్ గడ్డకట్టిన వస్తువును గడ్డగా నిలిపి ఉంచే పెట్టె. వెచ్చటి వస్తువును గడ్డకట్టించే బలం దానికి చాలా తక్కువ. భీమవరం చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో ఈ రెండు పనులకూ వేర్వేరు యంత్రాలు ఉంటాయి. రొయ్యను మైనస్ 40 డిగ్రీల దగ్గర, ప్లేట్ల మధ్య నొక్కిపట్టో, చల్లగాలి జోరుగా కొట్టో త్వరత్వరగా గడ్డకట్టిస్తారు. ఆ తర్వాతే మైనస్ 18 గానీ, అంతకంటే చల్లగా గానీ ఉండే కోల్డ్ రూముకు మారుస్తారు. మనింట్లో ఉన్నది ఆ కోల్డ్ రూముకు చిన్న రూపం. దానితో మొదటి పని కూడా చేయిస్తున్నాం కాబట్టి, దాని శక్తి ఎంతో తెలుసుకుని చేయించాలి.

ఆ శక్తి ఎంతో చెబుతాను. సున్నా డిగ్రీల నీటిని సున్నా డిగ్రీల మంచుగా మార్చడానికి ఎంత వేడి లాగాలో, అదే నీటిని 80 డిగ్రీల నుంచి సున్నాకు చల్లార్చడానికీ అంతే లాగాలి. చేపలోనూ రొయ్యలోనూ మూడొంతులకు పైగా నీరే. అంటే అసలు శ్రమంతా ఆ గడ్డకట్టే ఘట్టంలోనే. ఇంటి ఫ్రీజర్‌కు ఒక రోజులో పెట్టదగిన కొత్త సరుకు, ప్రతి 28 లీటర్లకు కిలో నుంచి కిలోన్నర మించకూడదు. మీ 300 లీటర్లకు రోజుకు పది నుంచి పదిహేను కిలోలు అవుతుంది. ఫ్రీజర్ రేకుల గదిలో ఉన్నన్నాళ్లూ పది కిలోల దగ్గరే ఆగండి. మీరు ఇరవై కిలోలు ఒకేసారి, అదీ పెద్ద కవర్లలో ముద్దలుగా దించేస్తున్నారు. పైపొర గడ్డకట్టినా, ముద్ద నడుమ ఉన్న రొయ్య ఒక రోజు దాటాక కూడా మెత్తగానే ఉంటుంది. మందం రెండింతలైతే పట్టే సమయం రెండింతల కంటే బాగా ఎక్కువ. ఈలోగా ఆ వేడికి పక్కనున్న పాత ప్యాకెట్ల పైపొరలు కాస్త కరిగి మళ్లీ గడ్డకడతాయి.

రుచి పోయేది అక్కడే. నెమ్మదిగా గడ్డకడితే మాంసం లోపల మంచు పలుకులు పెద్దవై కణాల గోడలను చీలుస్తాయి. కరిగించినప్పుడు గిన్నె అడుగున ఎర్రటి నీరో తెల్లటి నీరో చేరుతుందే, ఆ నీటితోనే రుచీ పోతుంది, మిగిలేది పీచు. త్వరగా గడ్డకడితే పలుకులు సన్నగా ఉంటాయి, నీరు లోపలే నిలుస్తుంది. అంచులు తెల్లబడడం వేరే సంగతి. కవర్లో గాలి మిగిలితే మంచు కరగకుండానే ఆవిరైపోతుంది, ఆ చోటు ఎండి తెల్లబడుతుంది. తింటే ప్రమాదం లేదు గానీ చప్పగా ఉంటుంది. ఆ మేరకు కోసేసి మిగతాది వండుకోవచ్చు.

ఇక పట్టుబడి రోజు ఏం చేయాలో చెబుతాను. చెరువు గట్టు మీదే ఐసు వేసిన థర్మోకోల్ పెట్టెల్లోకి రొయ్యలు ఎత్తించండి, ఇంటికొచ్చేదాకా ఐసులోనే ఉండాలి. ఇంట్లో తలలు తీసేయండి. తలలోని రసాలు రొయ్యను మెత్తబరుస్తాయి, నల్ల మచ్చలు తెస్తాయి. పొట్టు మాత్రం ఉంచండి, గాలి తగలకుండా అదే కాపాడుతుంది. అంతా ఒలిచి దాచేవాళ్లున్నారు, వండేటప్పుడు సుఖమే గానీ నిల్వకు పొట్టుతో ఉన్నదే మేలు. చల్లటి నీళ్లలో ఒక్కసారి కడిగి, చిల్లుల గిన్నెలో నీరు వాడ్చండి. ఉప్పు రాయకండి. ఉప్పు, పసుపు పట్టించి దాచడం మన ఇళ్లలో అలవాటు. పసుపుతో నష్టం లేదు. ఉప్పు మాత్రం కొవ్వును త్వరగా కనరెక్కిస్తుంది, గడ్డకట్టే ఉష్ణోగ్రతనూ కిందికి దించుతుంది. ఉప్పు వండే రోజు వేసుకోండి.

మీ ఇంటికి ఒక పూటకు ఎంత పడుతుందో అంతే ఒక ప్యాకెట్. అర కిలో అనుకుందాం. జిప్ కవర్లో పోసి, బల్ల మీద పరిచి, అరచేత్తో రెండు సెంటీమీటర్ల మందానికి పలకలా అదమండి. గాలి వెళ్లగొట్టి జిప్ మూయండి. ఈ పలకలను ముందు మామూలు ఫ్రిజ్‌లో రెండు మూడు గంటలు ఉంచండి. అక్కడ చల్లబడి వస్తే డీప్ ఫ్రీజర్‌కు భారం తగ్గుతుంది. తర్వాత డీప్ ఫ్రీజర్ గోడలకు ఆనించి నిలబెట్టండి. చల్లదనం వచ్చే గొట్టాలు ఆ గోడల్లోనే ఉంటాయి. ఒక పక్కన మెట్టులా ఎత్తుగా ఉంటుంది చూడండి, దాని కింద కంప్రెసర్ ఉంటుంది, కొత్త సరుకు దాని మీద వద్దు. పలకకూ పలకకూ వేలు దూరేంత సందు ఉండాలి. మర్నాటికి రాయైపోయాక వాటిని పుస్తకాల్లా దగ్గరగా పేర్చుకోవచ్చు. మిగతా పది కిలోలు ఆ రోజంతా ఐసు పెట్టెలోనే ఉండనివ్వండి. కరిగిన నీరు తీసేస్తూ కొత్త ఐసు వేస్తుంటే మర్నాటి దాకా రొయ్యకు ఏమీ కాదు. ఫ్రీజర్‌లో నెమ్మదిగా గడ్డకట్టడం కంటే ఐసులో ఒక రోజు ఆగడం వెయ్యి రెట్లు నయం.

మూడు నెలలు దాటించి ఉంచాలనుకునే రొయ్యలకు ఇంకో పద్ధతి ఉంది. ప్లాస్టిక్ డబ్బాలో రొయ్యలు పరిచి, అవి మునిగేంత ఐసు నీళ్లు పోసి, పైన రెండు వేళ్ల ఖాళీ వదిలి గడ్డకట్టించండి. నీరు మంచయ్యేటప్పుడు తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది, ఖాళీ లేకపోతే డబ్బా పగులుతుంది. మంచు పొరలో ఉన్న రొయ్యకు గాలే తగలదు. ఇలా దాచినవి ఆరు నెలల తర్వాత కూడా బాగుంటాయి.

మీ ఫ్రీజర్‌లో ఫాస్ట్ ఫ్రీజ్ స్విచ్ ఉంటే సరుకు రావడానికి నాలుగైదు గంటల ముందే వేయండి, ఒక రోజు తర్వాత మర్చిపోకుండా తీసేయండి. సరుకు పెట్టాక వేస్తే సగం ప్రయోజనమే.

మిగతా వాటి సంగతి క్లుప్తంగా. పులస, కవళ్లు, కానాగంతల్లాంటి కొవ్వు చేపలు రెండు మూడు నెలలకే కనరెక్కుతాయి. కొర్రమీను, శీలావతి, బొచ్చె ఆరు నెలల దాకా ఉంటాయి. మటన్ ముక్కలు ఆరు నెలలు దాటినా ఉంటాయి గానీ ఖీమా మూడు నాలుగు నెలల్లో వాడేయాలి. వండిన కూరలకు రెండు మూడు నెలలు. ఈ గడువులన్నీ రుచికి సంబంధించినవి. మైనస్ 18 దగ్గర సూక్ష్మజీవులు పెరగవు. కానీ చావవు కూడా, కరిగిన క్షణం నుంచి మళ్లీ పని మొదలెడతాయి. అందుకే పాడవబోతున్న చేపను ఫ్రీజర్‌లో వేస్తే పాడవబోతున్న చేపే తిరిగి చేతికొస్తుంది.

శాకాహారానికి కూడా ఈ పెట్టె చాలా ఉపయోగం. చలికాలపు పచ్చి బఠానీని మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, వెంటనే ఐసు నీళ్లలో వేసి, ఆరబెట్టి దాస్తే రంగూ తీపీ ఏడాదంతా ఉంటాయి. ఆ రెండు నిమిషాలు ఎగ్గొడితే గింజలోని ఎంజైములు మైనస్ 18లోనూ మెల్లగా పనిచేస్తూ గడ్డి వాసన తెస్తాయి. చింతచిగురును ఈనెలు తీసి, నీడన ఆరబెట్టి, నలపకుండా దాచండి. గోంగూరను కాస్త నూనెలో మగ్గించి దాచడం మేలు. కొబ్బరి తురుము, బంగినపల్లి గుజ్జు, చిన్నరసాల రసం, అన్నీ పలకలుగానే. బంగాళాదుంప కూర, ఉడికించిన గుడ్లు, దోసకాయ, పెరుగు పెట్టకండి, కరిగాక నోట పెట్టలేం. సోడా, బీరు సీసాలు అసలే వద్దు, పగిలితే గాజు ముక్కలు సరుకంతా కలుస్తాయి.

ఇప్పుడు ఫ్రీజర్ సంగతికి వస్తాను. అన్నిటికంటే ముందు దాన్ని ఆ రేకుల గదిలోంచి దించాలి. వెనక స్టిక్కర్ మీద క్లైమేట్ క్లాస్ అని ఒక అక్షరం ఉంటుంది. టీ అని ఉంటే గది వేడి 43 డిగ్రీల దాకా, ఎస్‌టీ అని ఉంటే 38 దాకా తట్టుకునేలా తయారైందని అర్థం. మే నెల మధ్యాహ్నం రేకుల కింద ఆ హద్దు సులభంగా దాటిపోతుంది. అప్పుడు కంప్రెసర్‌కు ఊపిరాడదు, పగలంతా ఆగకుండా తిరుగుతుంది. మీ బిల్లు పెరగడానికి పెద్ద కారణం ఇదే. మామూలుగా రోజుకు ఒకటిన్నర యూనిట్ తాగే ఫ్రీజర్ నెలకు 45 యూనిట్లు తీసుకుంటుంది. అదే రెట్టింపు తిరిగితే 90. అవి పై శ్లాబులో పడితే యూనిట్ ధర కూడా ఎక్కువే.

కింద, ఎండ తగలని గదిలో, గోడకు జానెడు దూరంలో పెట్టండి. ఈ రకం ఫ్రీజర్లలో వేడిని బయటికి వదిలే గొట్టాలు చాలావాటికి బయటి రేకు వెనకే ఉంటాయి. కంప్రెసర్ తిరిగేటప్పుడు పక్క గోడ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా తగులుతుంది. అది జబ్బు కాదు, ఆరోగ్యం. ఆ గోడలకు దుప్పటి కప్పినా, అందంగా ఉంటుందని నేల దాకా గుడ్డ వేలాడేసినా, బియ్యం బస్తాలు ఆనించినా వేడి లోపలే ఉండిపోతుంది. కింద కంప్రెసర్ గదికున్న జాలీలో దుమ్మును నెలకోసారి మెత్తటి బ్రష్‌తో దులపండి, ప్లగ్ తీశాకే. ఎలుకలు ఆ వెచ్చదనానికే చేరి వైర్లు కొరుకుతాయి, అదీ చూడండి.

రబ్బరు పరీక్షకు పది రూపాయల నోటు చాలు. మూతకీ డబ్బాకీ మధ్య నోటు సగం లోపలికి పెట్టి మూసి, లాగండి. పట్టు తగలాలి. చుట్టూ జానెడుకో చోట ఇలాగే చూడండి, కబ్జాలున్న మూలలను మరీ జాగ్రత్తగా. ఊరికే జారి వచ్చేసిన చోట నుంచే తేమ లోపలికి పోతోంది. చాలాసార్లు రబ్బరు మడతల్లో ఎండిన చేపనీరు, చీమలు, కొత్తిమీర ఆకు లాంటివి ఉంటాయి. సబ్బు నీళ్లలో ముంచిన గుడ్డతో మడత మడతా తుడవండి. నలిగి వంకరపోయిన చోట వేడి నీళ్లలో పిండిన గుడ్డ కాసేపు అదిమి ఉంచితే తిరిగి పూర్వపు రూపుకు వస్తుంది. అప్పటికీ పట్టకపోతే రబ్బరు మార్పించండి, గ్యాస్ ఖర్చుతో పోలిస్తే అది తక్కువే. ఇంకొకటి, మూత మూసిన వెంటనే మళ్లీ తెరవబోతే గట్టిగా పట్టేస్తుంది. లోపలికి వెళ్లిన వెచ్చటి గాలి చల్లబడి ముడుచుకోవడం వల్ల అలా అవుతుంది, రబ్బరు బాగుందనడానికి అదే గుర్తు. పిడి పట్టి గుంజకుండా రెండు మూడు నిమిషాలు ఆగండి.

లోపల సరుకు వెతకడానికి మూత తీసి నిలబడే సమయం తగ్గించండి. చేపలు ఒక రంగు గుడ్డ సంచిలో, రొయ్యలు ఇంకో రంగులో, కూరగాయలు మరో దాంట్లో పెట్టుకుంటే చెవులు పట్టుకుని సంచి మొత్తం పైకి లాగవచ్చు. ప్రతి ప్యాకెట్ మీద తేదీ, మూత మీద అతికించిన కాగితంలో లెక్క. పాతది పైన, కొత్తది కింద.

థర్మోస్టాట్ మీది 1 నుంచి 7 అంకెలు డిగ్రీలు కావు. ఫ్రీజర్ థర్మామీటర్ ఒకటి కొని నడిమి ప్యాకెట్ల మధ్య రాత్రంతా ఉంచి, పొద్దున్నే చూడండి. మైనస్ 18 రావాలి. కూలర్‌గానూ ఫ్రీజర్‌గానూ మారే మోడల్ అయితే ఆ స్విచ్ మీద టేపు వేసేయండి. ఊడ్చేటప్పుడు చీపురు తగిలి స్విచ్ మారిపోయి సరుకంతా పోయిన ఇళ్లున్నాయి.

మంచు అర సెంటీమీటర్ దాటితే తీసేయాలి. ఆ పొర గోడకూ సరుకుకూ మధ్య అడ్డుగోడై చల్లదనాన్ని ఆపుతుంది. సరుకు తక్కువగా ఉన్న రోజు చూసి, ఉన్నదాన్ని థర్మోకోల్ పెట్టెలో ఒత్తుగా సర్ది పైన దుప్పటి కప్పండి. ప్లగ్ తీసి, అడుగునున్న డ్రెయిన్ బిరడా ఊడదీసి కింద పళ్లెం పెట్టండి. మూత తెరిచి, లోపల మడిచిన తువ్వాలు మీద వేడి నీళ్ల గిన్నె ఉంచండి. పలకలుగా ఊడొస్తుంది. కత్తి, అట్లకాడ, స్క్రూడ్రైవర్ ఏవీ వాడొద్దు. ఈ మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. గోడ రేకు వెనకే గ్యాస్ గొట్టం ఉంటుంది, దానికి చిల్లు పడితే గొట్టం చుట్టూ నింపిన ఫోమ్ వల్ల బాగుచేయడం దాదాపు అసాధ్యం, ఫ్రీజర్ పోయినట్టే. పైగా ఇప్పటి ఫ్రీజర్లలో చాలావాటిలో ఉండేది ఆర్-600ఏ గానీ ఆర్-290 గానీ అనే గ్యాస్. రెండూ వంటగ్యాస్ జాతివే, అంటుకుంటాయి. ఎప్పుడైనా బుస్సుమని చప్పుడు వస్తే కిటికీలు తెరవండి, నిప్పు వెలిగించకండి, స్విచ్‌లు ముట్టుకోకండి, అందరూ బయటికి వచ్చేయండి. మంచంతా పోయాక లీటరు గోరువెచ్చటి నీటికి రెండు చెంచాల వంటసోడా కలిపి తుడిస్తే నీచు వాసన పోతుంది. పొడి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే మూత వేయండి. ఖాళీగా మూడు నాలుగు గంటలు నడిపి, చల్లబడ్డాక సరుకు తిరిగి సర్దండి.

కరెంటు పోయినప్పటి సంగతి. నిండుగా ఉన్న ఫ్రీజర్ మూత తీయకపోతే దాదాపు 48 గంటలు, సగమే ఉంటే 24 గంటలు చల్లదనం నిలుపుతుంది. నిలువు తలుపు ఫ్రీజర్ తెరిస్తే చల్లగాలి కిందకి జారిపోతుంది, ఇది బావిలా ఉంటుంది కాబట్టి నిలుస్తుంది. ఖాళీ జాగాలో ముప్పాతిక నింపిన నీళ్ల సీసాలు పెట్టుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకాక చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. మన తీరంలో తుఫాను హెచ్చరిక వినగానే ముందురోజే థర్మోస్టాట్ చివరి అంకెకు తిప్పి, ఆ సీసాలు గడ్డకట్టించి ఉంచుకోవాలి. ఊళ్లో లేనప్పుడు కరెంటు పోయిందో లేదో తెలియడానికి, గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ల పెట్టండి. వచ్చేసరికి బిళ్ల అడుగున ఉంటే మొత్తం కరిగి మళ్లీ గడ్డకట్టినట్టు, సరుకు పారేయాలి. ప్యాకెట్లో ఇంకా మంచు పలుకులుంటే తిరిగి గడ్డకట్టించవచ్చు, కాస్త రుచి తగ్గుతుంది. పూర్తిగా కరిగి, రెండు గంటలకు పైగా 4 డిగ్రీలు దాటి ఉన్న చేపను, మాంసాన్ని వాసన బాగానే ఉందని ఉంచుకోకండి.

వండటానికి తీసినప్పుడు కూడా రాత్రే మామూలు ఫ్రిజ్‌లోకి మార్చండి. తొందరుంటే జిప్ కవరుతోనే చల్లటి నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చండి. పలకలుగా దాచినవి ఇలా త్వరగానే విడతాయి. గట్టు మీద పొద్దుటి నుంచి పెట్టేయడం వద్దు.

వోల్టేజి తక్కువగా ఉండే ఊరు కాబట్టి, కరెంటు వచ్చాక మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగి ఆన్ అయ్యే స్టెబిలైజర్ తప్పనిసరి. వెంటనే ఆన్ అయితే కంప్రెసర్ ఎత్తుకోలేక మూలుగుతుంది, టక్‌మని ఆగుతుంది, అలా కొన్నాళ్లు నడిస్తే కాలిపోతుంది. ప్లగ్ నేరుగా ఎర్తింగ్ ఉన్న గోడ సాకెట్లో పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. కిందికి దించేటప్పుడు ఫ్రీజర్‌ను పడుకోబెట్టకండి. ఎక్కువ వంచాల్సి వస్తే కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాకే ఆన్ చేయండి, కంప్రెసర్ నూనె తన చోటికి చేరాలి.

ఇంట్లో చిన్నపిల్లలుంటే తాళం వేసి, తాళంచెవి వాళ్లకు అందని చోట పెట్టండి. దాగుడుమూతల్లో లోపలికి దూరిన పిల్లలకు మూత లోపలి నుంచి తెరుచుకోదు. పాత ఫ్రీజర్‌ను ఎప్పుడైనా పెరట్లో పడేయాల్సి వస్తే ముందు మూత ఊడదీయించండి.

ప్రస్తుతానికి ఈ వారం చేయాల్సింది: నోటు పరీక్ష, మంచు తీయడం, కింది గదికి మార్చడం. తర్వాత మూడు రోజులు వరుసగా పొద్దున్నే థర్మామీటర్ చూసి అంకె రాసుకోండి. అప్పటికీ మైనస్ 18 రాకపోతే మెకానిక్‌ను పిలవండి. గ్యాస్ ఎక్కించే ముందు కారుతున్నది ఎక్కడో చూపించమని అడగండి. ఆ మూడు అంకెలు, రబ్బరు ఎక్కడెక్కడ వదులుగా ఉందో నాకు రాస్తే ఆ తర్వాత ఏం చేయాలో చెబుతాను.